710 వరుసలు, చేత్తో అప్‌లోడ్: ఉద్యోగుల రికార్డుల ప్రాజెక్టు డైరీ

హెచ్ఆర్ జాబితా ఒకచోట, కాంట్రాక్ట్ వాళ్ల జాబితా మరోచోట, భద్రతా శిక్షణ రిజిస్టర్లు ఇంకోచోట ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే కంప్లయన్స్ ట్రాకింగ్ సిస్టమ్‌లోకి, అంటే ఎవరికి ఏ శిక్షణ ఉంది, దాని గడువు ఎప్పుడు అని చూపే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. పేరోల్ (జీతాల లెక్క) నుంచి డేటా దానంతటదే వచ్చే ఏర్పాటు ఇంకా లేదు. కాబట్టి ఎక్సెల్‌లో శుభ్రం చేసి, సీఎస్‌వీ ఫైళ్లుగా (గడుల మధ్య కామా ఉండే సాదా టెక్స్ట్ ఫైళ్లు) మార్చి, చేత్తో అప్‌లోడ్ చేయాల్సిందే. ఏ రోజు ఏం చేశామో, ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో ఇందులో రాసి పెట్టాం.

పని మొదలుకాకముందే ఒక నియమం పెట్టుకున్నాం: ఆధారం లేని గడి ఖాళీగానే ఉంటుంది. ఈ సిస్టమ్‌లో ఒక మనిషి పేరు పక్కన పచ్చ టిక్ కనిపిస్తే, సూపర్‌వైజర్ ఆ టిక్‌ను నమ్మి అతన్ని ఎత్తు మీదికో, కరెంటు ప్యానెల్ దగ్గరికో పంపుతాడు. ఎవరో ఊహించి నింపిన తేదీ వల్ల ఆ టిక్ వచ్చి ఉంటే, దాని ఫలితం అనుభవించేది షీట్ నింపినవాళ్లు కాదు.

రోజు 1: టెంప్లేట్

సిస్టమ్ ఇచ్చే ఖాళీ టెంప్లేట్ దించుకున్నాం. మొత్తం 34 కాలమ్‌లు. తప్పనిసరివి 8: ఎంప్లాయి ఐడీ, పేరు, ఇంటిపేరు, హోదా కోడ్, విభాగం కోడ్, పనిచేసే చోటు, చేరిన తేదీ, స్థితి. వీటికి మరో 4 కలిపాం: మేనేజర్ ఐడీ, ఉద్యోగ రకం, వదిలిన తేదీ, ఆఫీసు ఈమెయిల్. మిగతా 22 కాలమ్‌ల శీర్షికలు అలాగే ఉంచి, కింద ఖాళీగా వదిలేశాం. శీర్షిక చెరిపేసినా, కాలమ్‌ల క్రమం మార్చినా ఈ సిస్టమ్ మొత్తం ఫైల్‌నే వెనక్కి కొడుతుంది.

ఆ 22లో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు నంబరు, రక్తం గ్రూపు ఉన్నాయి. కాలమ్ ఉంది కదా అని నింపకూడదు. శిక్షణ గడువు చూడటానికి ఇవేవీ అక్కర్లేదు, పైగా ఈ సిస్టమ్‌లోకి ప్రతి విభాగం సూపర్‌వైజర్‌కూ లాగిన్ ఉంటుంది. వైద్య పరీక్ష విషయంలోనూ అంతే. పనికి తగును, షరతులతో తగును, తగదు అనే మూడింటిలో ఒకటి, దాని చెల్లుబాటు తేదీ మాత్రమే పెట్టాం. డాక్టర్ రాసిన కాగితం సిస్టమ్‌లోకి వెళ్లదు.

అసలు డేటా ముట్టుకోకముందు, టెస్ట్ ఖాతాలో ముగ్గురు కల్పిత ఉద్యోగులతో మూడు సంగతులు తేల్చుకున్నాం. వరుసను సిస్టమ్ దేన్ని బట్టి గుర్తుపడుతుంది? ఖాళీ గడి పంపితే పాత విలువ ఉంటుందా, చెరిగిపోతుందా? ఫైల్‌లో లేని మనిషిని ఏం చేస్తుంది? మొదటిదానికి జవాబు ఎంప్లాయి ఐడీ. రెండోదానికి, పాత విలువ అలాగే ఉంటుంది. మూడోదే ప్రమాదకరం. అప్‌లోడ్ తెరమీద 'ఇది పూర్తి జాబితా' అనే పెట్టె ముందే టిక్ చేసి ఉంది. ఆ టిక్ అలాగే ఉంటే, ఫైల్‌లో లేని ప్రతి ఒక్కరూ పని మానేసినట్టు లెక్క. పది మంది ఉన్న పరీక్ష ఫైల్ ఎక్కించి, మిగతా సంస్థ మొత్తాన్ని పనిలోంచి తీసేయడానికి ఒక్క క్లిక్కు చాలు. మా చెక్‌లిస్టులో మొదటి గీత దీనికే: టిక్ తీసేశామా? ఇద్దరు చూశారా?

రోజులు 2, 3: ఎవరున్నారు, ఎవరు లేరు

హెచ్ఆర్ జాబితాలో 648 వరుసలు. పేరోల్‌లో 611. రెండూ ఒకే సంస్థవి, ఒకే నెలవి. ఈ 37 మంది తేడా తేలకుండా ముందుకు పోవద్దనుకున్నాం.

648లో 9 వరుసలు రెండుసార్లు పడ్డవి. అందులో ఎక్కువ భాగం విభాగం మారినప్పుడు పాత వరుస తీయకుండా కొత్తది కలిపినవే. 22 మంది పని మానేశారు కానీ స్థితి మార్చలేదు. అవి పోతే 617. ఇందులో 8 మంది పేరోల్‌లో లేరు: ఐదుగురు జీతం లేని దీర్ఘ సెలవులో ఉన్నారు, ముగ్గురు ఆఫర్ ఒప్పుకున్నారు కానీ ఇంకా చేరలేదు. పేరోల్‌లో ఉండి ఈ 617లో లేనివాళ్లు ఇద్దరు. మానేసిన 22 మందిలోనివాళ్లే, తుది లెక్క ఇంకా తేలలేదు. 617లోంచి 8 తీసి 2 కలిపితే 611. లెక్క కుదిరింది.

చేరని ముగ్గురిని పక్కన పెట్టాం. సెలవులో ఉన్న ఐదుగురిని 'సెలవు' స్థితితో ఉంచాం. వాళ్లను 'పనిచేస్తున్నారు' అని పెడితే ఇంట్లో ఉన్న మనిషికి శిక్షణ గడువు దాటిందని రోజూ హెచ్చరిక వెళ్తుంది. అసలు పెట్టకపోతే తిరిగొచ్చిన రోజున ఎవరూ గమనించరు. సెలవులో ఉన్న ఐదుగురితో కలిపి ఉద్యోగులు 614. కాంట్రాక్ట్ జాబితా నుంచి 74. మొత్తం 688.

మానేసిన 22 మందిని వదిలేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. వదలకూడదు. ఒక ప్రమాదం మీద ఏడాది తర్వాత విచారణ జరిగితే, ఆ రోజు అక్కడ పనిచేసిన మనిషికి శిక్షణ ఉందా అనే అడుగుతారు. అతను ఇప్పుడు ఇక్కడ ఉన్నాడా లేడా అన్నది దానికి సంబంధం లేదు. నైపుణ్యానికి ఆధారంగా పత్రాలు భద్రపరచాలని, పనిచోట ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 45001:2018లో 7.2 విభాగం కూడా చెబుతుంది. అందుకని 22 మందినీ వదిలిన తేదీతో, నిష్క్రియ స్థితిలో ఎక్కించాలని నిర్ణయం. అలా 710 వరుసలు.

కాంట్రాక్ట్ వాళ్ల గురించి ఒక మాట. ఈ 74 మందికి మన ఐడీలు లేవు, వాళ్ల యజమాని ఇచ్చిన నంబర్లున్నాయి. ఇద్దరు వేర్వేరు కాంట్రాక్టర్ల దగ్గర 112 అనే నంబరు ఉంటే, రెండో మనిషి మొదటి మనిషి రికార్డు మీద కూర్చుంటాడు. కాంట్రాక్టర్‌కు రెండంకెల సంఖ్య ఇచ్చి, నంబరు ముందు చేర్చాం. పేర్లను, ఈమెయిళ్లను మాత్రం ఎప్పుడూ మనిషిని గుర్తుపట్టే తాళంచెవిగా వాడొద్దు. రెండూ మారతాయి.

రోజు 4: ముందున్న సున్నాలు

ఐడీలు 00417 తరహాలో ఐదంకెలవి. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవగానే 417 అయిపోయింది. సేవ్ చేస్తే ఆ సున్నాలు ఫైల్‌లోంచే పోతాయి. అది సిస్టమ్‌లోకి వెళ్తే 417 అనే కొత్త ఉద్యోగి పుడతాడు. శిక్షణంతా 00417 పేర ఉంటుంది, కొత్తవాడికి ఏ శిక్షణా లేనట్టు కనిపిస్తుంది.

కాబట్టి సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరవడం ఈ ప్రాజెక్టులో నిషేధం. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లోంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ దిగుమతి ఎంచుకుని, ఐడీ కాలమ్ రకం 'టెక్స్ట్' అని పెట్టి తెచ్చుకోవాలి. ఇప్పటికే పోయిన సున్నాలకు టెక్స్ట్ ఫంక్షన్‌లో ఐదు సున్నాల ఫార్మాట్ ఇస్తే తిరిగొస్తాయి. ఐడీలన్నీ ఒకే పొడవు అయితేనే ఆ పని చేయాలి. గడికి 'ఐదు సున్నాలు' కనిపించేలా కస్టమ్ ఫార్మాట్ పెడితే చాలదా అని అనిపిస్తుంది. అది కంటికి మాత్రమే. దాన్ని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకునే మరో మనిషి చేతికి వెళ్లేసరికి, ఏ దశలో సున్నా ఉంది, ఏ దశలో లేదు అన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. గడిలో ఉన్న విలువే సరిగా ఉండాలి.

పొడవైన నంబర్లది మరో తిప్పలు. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెలే నిలుపుతుంది, 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది. సర్టిఫికెట్ నంబర్లు కొన్ని 16, 18 అంకెలున్నాయి. ఒకసారి పోయాక వాటిని ఏ ఫార్ములా తిరిగి తేలేదు, అసలు కాగితం చూసి టైపు చేయాల్సిందే.

డూప్లికేట్లు వెతకడానికి అందరూ, ఒక విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫంక్షన్ వాడతారు. ఇక్కడ అది తప్పుదోవ పట్టిస్తుంది. అంకెల్లా కనిపించే టెక్స్ట్‌ను కూడా అది సంఖ్యగా చూస్తుంది. అందుకే 00417, 417 దానికి ఒకటే. మొదటి 15 అంకెలు కలిసిన రెండు 18 అంకెల నంబర్లు కూడా ఒకటే. డూప్లికేట్ కానివాటిని డూప్లికేట్లని చూపిస్తుంది, ఎవరో నమ్మి చెరిపేస్తారు. దాని బదులు సమ్‌ప్రొడక్ట్ అనే ఫంక్షన్ లోపల నేరుగా గడికి గడి సమానమా అని పోల్చాం. 710 వరుసలకు అది క్షణంలో లెక్క కడుతుంది.

రోజు 5: పేర్లు

పేరు, ఇంటిపేరు విడగొట్టడం మేం అనుకున్నదానికంటే నెమ్మదిగా సాగింది. ఇంటిపేరు ముందు రాసినవాళ్లు, వెనక రాసినవాళ్లు, ఒకే ఒక్క పేరున్నవాళ్లు, పొడి అక్షరాలతో రాసినవాళ్లు అంతా కలిసి ఒకే కాలమ్‌లో ఉన్నారు. ఎక్సెల్‌లో ఖాళీ దగ్గర విడగొట్టే సాధనం సగం పేర్లను తలకిందులు చేస్తుంది. జీతం పత్రంలో ఎలా ఉందో అలాగే అన్న ఒక్క నియమం పెట్టుకుని, వరుస వెంట వరుస చూసుకుంటూ పోయాం. ఒకే పేరున్నవాళ్లకు ఇంటిపేరు గడిలో చుక్క పెట్టాం, ఎందుకంటే సిస్టమ్ ఖాళీని ఒప్పుకోదు. ఆ చుక్క పెట్టినట్టు నిర్ణయాల షీట్‌లో రాసుకున్నాం.

కంటికి కనిపించని అక్షరాలు అసలైన శత్రువులు. వెబ్ పేజీలోంచి కాపీ చేసిన పేర్ల చివర మామూలు ఖాళీ కాకుండా, విరగని ఖాళీ వస్తుంది, దాని కోడ్ 160. అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని ముట్టుకోదు. క్లీన్ కూడా 0 నుంచి 31 వరకున్న కోడ్‌లనే తీస్తుంది. ముందు సబ్‌స్టిట్యూట్‌తో 160ని మామూలు ఖాళీగా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయాలి. అనుమానం ఉన్న గడిలో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఎంతిస్తుందో చూడండి. ఇంగ్లీషులో రాసిన పేరులో కంటికి ఆరక్షరాలున్నచోట ఏడు వస్తే ఏదో దాక్కున్నట్టే.

తెలుగులో రాసిన పేర్లకు ఇంకొకటి ఉంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి, కీబోర్డులు యూ+200సీ అనే వెడల్పు లేని అక్షరాన్ని చొప్పిస్తాయి. ఒక రిజిస్టర్‌లో అది ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే రెండు పేర్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పోలిక మాత్రం కుదరదు. దాన్ని చెరిపేస్తే రూపం మారిపోతుంది కాబట్టి, పోల్చడానికి మాత్రమే వేరే కాలమ్‌లో తీసేసిన కాపీ పెట్టుకున్నాం. అసలు పేరు అలాగే ఉంది.

సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్‌లో ఒకటికంటే ఎక్కువ సీఎస్‌వీ ఎంపికలు కనిపిస్తాయి. యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ దాచగల ఎన్‌కోడింగ్) అని రాసి ఉన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడతాయి, అవి మళ్లీ పేర్లుగా మారవు. దీనికి భిన్నంగా, సిస్టమ్‌లో ప్రతి అక్షరం చోటా తలమీద గీతున్న లాటిన్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. డేటా బాగానే ఉంది, చదివేవైపు ఎన్‌కోడింగ్ తప్పు ఎంచుకున్నారంతే. అలాగే, యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. గుణింతం, పొల్లు, ఒత్తు కూడా విడి గుర్తులే. పేరు గడి పరిమితి 50 బైట్లయితే 16 గుర్తులే పడతాయి. పరీక్ష ఫైల్‌లో పొడవైన పేరు తప్పక ఉండాలన్నది అందుకే.

రోజులు 6, 7: తేదీలు

ఈ రెండు రోజులూ వృథా కాలేదు. కంప్లయన్స్ రికార్డులో మనిషి తర్వాత ముఖ్యమైనది తేదీనే.

శిక్షణ రిజిస్టర్లు అన్నీ కలిపితే 2,316 వరుసలు. ఒక షీట్ రోజు-నెల-ఏడాది క్రమంలో, ఇంకోటి నెల-రోజు-ఏడాది క్రమంలో ఉంది. 03/04/2024 మార్చి 4 కావచ్చు, ఏప్రిల్ 3 కావచ్చు. ఆ రెండింటికీ మధ్య 30 రోజులుంది. రెన్యూవల్ గడువు దగ్గర ఆ 30 రోజులే తేడా తెస్తాయి.

ఎక్సెల్ ఇక్కడ మౌనంగా నష్టం చేస్తుంది. కంప్యూటర్ సెట్టింగ్ నెల ముందు అని ఉండి, ఫైల్‌లో రోజు ముందు ఉంటే, రోజు 12 లోపున్న తేదీలన్నీ తలకిందులై నిజమైన తేదీల్లా కూర్చుంటాయి. రోజు 13 పైనున్నవి తేదీగా మారలేక టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. ఎక్సెల్ తేదీలను కుడివైపు, టెక్స్ట్‌ను ఎడమవైపు పెడుతుంది కాబట్టి, కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు అతుక్కుని ఉంటే ఇదే జరిగింది. చాలామంది ఎడమవైపున్న వాటిని 'బాగు' చేసి ఊరుకుంటారు. చెడిపోయినవి మాత్రం కుడివైపున్నవి! గడిలో ఉన్నది సంఖ్యా కాదా చెప్పే ఈజ్‌నంబర్‌తో (ఎక్సెల్‌కు తేదీ కూడా సంఖ్యే) రెండు గుంపులుగా విడదీసి, తేదీలుగా మారినవాటిలో రోజు ఏ ఒక్కదానికీ 12 దాటకపోతే, ఆ షీట్ పారేసి అసలు ఫైల్ నుంచి టెక్స్ట్‌గా మళ్లీ తెచ్చుకోవాలి. మూడు షీట్లకు అలాగే చేశాం.

ఒక పాత రిజిస్టర్‌లోంచి కాపీ చేసిన తేదీలన్నీ నాలుగేళ్ల ఒక రోజు వెనక్కి పోయాయి. ఆ వర్క్‌బుక్ 1904 తేదీ పద్ధతిలో ఉంది. ఎక్సెల్ మామూలుగా 1900 నుంచి లెక్కపెడుతుంది, రెండింటి మధ్య తేడా 1,462 రోజులు. ప్రతి తేదీకీ 1,462 కలిపితే సరిపోయింది. అయినా కాగితం రిజిస్టర్‌తో పది తేదీలు పోల్చాకే ఒప్పుకున్నాం. ఇంకోచోట తేదీ బదులు 45292 లాంటి అంకెలు వచ్చాయి. అవి ఎక్సెల్ రోజుల లెక్కలు. 45292 అంటే 2024 జనవరి 1.

చివరికి పంపే ఫైల్‌లో అన్ని తేదీలూ తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం ఏడాది-నెల-రోజు, అంటే 2024-03-04 రూపంలో, టెక్స్ట్‌గానే ఉంచాం. పూర్తయిన సమయం కూడా పంపితే ఇంకో చిక్కు వస్తుంది. అర్ధరాత్రి 00:00 అని పెట్టిన తేదీని సర్వర్ వేరే టైమ్ జోన్‌లో చదివి, ముందురోజు కింద చూపించవచ్చు. టెస్ట్ ఖాతాలో అదే జరిగింది. సమయం కాలమ్ తీసేసి, తేదీ ఒక్కటే పంపాం.

గడువు తేదీని మేం లెక్కకట్టి పంపాలా, సిస్టమ్‌నే కట్టనివ్వాలా? సిస్టమ్‌కే వదిలాం, కానీ దాని లెక్కను, తేదీకి నెలలు కలిపే ఎక్సెల్ ఫంక్షన్ ఈడేట్‌తో సరిచూశాం. 2024 ఫిబ్రవరి 29కి 12 నెలలు కలిపితే ఈడేట్ 2025 ఫిబ్రవరి 28 ఇస్తుంది. 365 రోజులు కలిపినా అదే వస్తుంది. కానీ 2023 మార్చి 10కి 365 రోజులు కలిపితే 2024 మార్చి 9 వస్తుంది, 12 నెలలు కలిపితే మార్చి 10. సిస్టమ్‌లో 'నెలలు' అని పెట్టించాం. అంతకంటే పెద్ద ప్రశ్న: ముందుగానే రెన్యూవల్ చేయించుకున్న మనిషికి కొత్త గడువు కొత్త శిక్షణ తేదీ నుంచా, పాత గడువు ముగిసిన రోజు నుంచా? అది కోర్సును బట్టి మారుతుంది. భద్రతా అధికారి కోర్సు వారీగా రాసి సంతకం పెట్టిన షీట్ వచ్చేదాకా ఆగాం.

ఇక 2,316 వరుసల లెక్క. తేదీ, సంతకమో సర్టిఫికెటో రెండూ ఉన్నవి 1,874. రెండు రిజిస్టర్లలో ఒకే శిక్షణ పడ్డవి 131, అవి తీసేశాం. నెల, ఏడాది మాత్రమే ఉన్నవి 203. ఏ ఆధారమూ లేనివి 108. ఆ 203లో హాజరు పట్టీలు తిరగేస్తే 146కు అసలు తేదీ దొరికింది. మిగిలిన 57కు 'నెల ఒకటో తేదీ అని పెడదాం' అన్న సూచన వచ్చింది. చూడటానికి చిన్న సర్దుబాటే. కానీ సిస్టమ్‌లో పడ్డాక అది ఊహ అని చెప్పే గుర్తేదీ ఉండదు, ఆడిటర్‌కు అది సంతకం పెట్టిన తేదీలాగే కనిపిస్తుంది. పెట్టలేదు. 57, 108 కలిపి 165 వరుసలు అప్‌లోడ్‌కు పోవు. ఆ శిక్షణలు సిస్టమ్‌లో 'బాకీ'గా కనిపిస్తాయి. ఎక్కేవి 2,020.

రోజు 8: కోడ్‌లు

విభాగాల పేర్లు 41 రకాలుగా రాసి ఉన్నాయి, అసలు విభాగాలు 17. ఒక మ్యాపింగ్ షీట్ చేసి, పట్టికలో వెతికి విలువ తెచ్చే ఎక్స్‌లుకప్‌తో కోడ్ తెచ్చుకున్నాం. దొరకనివాటికి దగ్గరి పోలిక ఎంచుకునే అవకాశం ఆ ఫంక్షన్‌లో ఉంది కానీ ఇలాంటి పనికి దాన్ని వాడొద్దు. ఖచ్చితంగా కలవాలి, లేకపోతే లోపం చూపాలి.

కోర్సులే కష్టం. 'అగ్నిమాపక శిక్షణ' అని మూడు రిజిస్టర్లలో ఉంది. ఒకటి తరగతి గదిలో చెప్పింది, ఒకటి మంట ఆర్పి చూపించింది, ఒకటి కంప్యూటర్ మీద చూసింది. మూడూ ఒకే కోడ్ కిందికి వస్తాయా? అప్‌లోడ్ చేసేవాళ్లు తేల్చే విషయం కాదిది. మూడు కోడ్‌లూ విడిగా ఉంచి, ఏది దేనికి సమానమో భద్రతా అధికారికే వదిలాం.

రోజు 9: పది వరుసలు

ముందు రెండు పనులు. సిస్టమ్‌లో ఉన్నదంతా ఎగుమతి చేసి తేదీ పేరుతో భద్రపరిచాం. తర్వాత ఆటోమేటిక్ ఈమెయిళ్లు ఆపించాం. ఇది మర్చిపోతే, మనుషుల రికార్డులు ఎక్కి శిక్షణ రికార్డులు ఇంకా ఎక్కని ఆ రెండు రోజుల్లో 'మీ శిక్షణ గడువు దాటింది' అని అందరికీ ఉత్తరాలు వెళ్తాయి. ఆ తర్వాత సిస్టమ్ నుంచి వచ్చే నిజమైన హెచ్చరికను ఎవరూ లెక్కచేయరు.

పది మందిని యథాలాపంగా తీసుకోలేదు. ముందు సున్నాలున్న ఐడీ, అన్నిటికంటే పొడవైన పేరు, ఒకే పేరు, తెలుగు లిపి పేరు, పేరులో కామా, కాంట్రాక్ట్, సెలవు, మానేసిన మనిషి, మేనేజర్ లేని పై అధికారి, రెండు హోదాలున్న మనిషి. పదిలో తొమ్మిది ఎక్కాయి. కామా ఉన్న వరుసలో గడులన్నీ ఒకటి పక్కకు జరిగాయి. ఆ ఒక్క వరుస నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి కలిపింది. కామా ఉన్న విలువను జంట ఉటంకింపుల మధ్య ఉంచాలని, సీఎస్‌వీ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 4180 పత్రం చెబుతుంది. ఎక్సెల్ సేవ్ చేస్తే అవి దానంతటవే పడతాయి, చేత్తో రాస్తే మనమే పెట్టాలి. ఇంకో జాగ్రత్త: దశాంశానికి కామా వాడే ప్రాంతీయ సెట్టింగ్‌తో ఉన్న కంప్యూటర్లో ఎక్సెల్ కామాకు బదులు సెమికోలన్‌తో విడగొడుతుంది. సేవ్ చేశాక నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి మూడు వరుసలు చూడటం ఇప్పుడు చెక్‌లిస్టులో ఉంది.

రోజు 10: వంద వరుసలు

83 ఎక్కాయి, 17 ఆగాయి. 9 వరుసల్లో విభాగం కోడ్ చివర ఖాళీ, 5 వరుసల్లో మేనేజర్ ఐడీ ఇంకా సిస్టమ్‌లో లేకపోవడం, 3 వరుసల్లో వదిలిన తేదీ చేరిన తేదీకంటే ముందు ఉండటం. ఆ మూడూ తిరిగి చేరినవాళ్లవి. పాత వదిలిన తేదీ, కొత్త చేరిన తేదీ ఒకే వరుసలో కలిశాయి.

లోపాల నివేదికలోని వరుస సంఖ్య శీర్షికను లెక్కలోకి తీసుకోదు. నివేదిక 24 అంటే ఎక్సెల్‌లో 25. ముందు ఇది గమనించక, తప్పు మనిషి వరుస దిద్దబోయాం. అప్పటినుంచి వరుస సంఖ్యను కాదు, ఐడీని చూసే దిద్దుతున్నాం.

రోజు 11: మిగిలిన 600

మేనేజర్ ఐడీ కాలమ్ ఖాళీగా పెట్టి అందరినీ ఎక్కించి, తర్వాత మేనేజర్ ఐడీలు కూడా నింపిన రెండో ఫైల్ పంపాం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవ లేకుండా పోయింది. రెండో ఫైల్‌కు ముందు తనకు తానే మేనేజర్‌గా ఉన్నవాళ్లను, మానేసిన మనిషి కింద ఉన్నవాళ్లను ఫిల్టర్ చేసి చూశాం. మానేసిన ఇద్దరు మేనేజర్ల కింద 11 మంది తేలారు. వాళ్ల గడువు హెచ్చరికలు ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కు వెళ్లేవి.

రోజులు 12 నుంచి 14: శిక్షణ రికార్డులు, సర్టిఫికెట్లు

మనుషుల ఫైల్‌కూ శిక్షణ ఫైల్‌కూ ఒక మౌలికమైన తేడా ఉంది. మనిషి వరుస రెండోసారి పంపితే అదే రికార్డు మారుతుంది. శిక్షణ వరుస రెండోసారి పంపితే ఇంకో శిక్షణ కలుస్తుంది. కాబట్టి లోపాలు దిద్దాక మొత్తం ఫైల్ మళ్లీ పంపకూడదు, ఆగిన వరుసలను మాత్రమే కొత్త ఫైల్‌గా పంపాలి. 2,020 వరుసలను కోర్సు వారీగా విడగొట్టి, ఏ ఫైల్‌లోనూ 250 దాటకుండా పంపాం. తప్పు జరిగితే వెనక్కి తీయాల్సింది ఒక కోర్సులోని కొన్ని వరుసలే అవుతాయి. ప్రతి ఫైల్‌కూ లాగ్ షీట్‌లో ఒక గీత: ఫైల్ పేరు, వరుసలు, ఎక్కినవి, ఆగినవి, సమయం, ఎవరు పంపారు, ఎవరు చూశారు.

సర్టిఫికెట్లు 300 డీపీఐలో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఉంచాం. పేరు పెట్టే పద్ధతి ఐడీ, కోర్సు కోడ్, తేదీ, మధ్యలో కింది గీత. ఖాళీలు లేవు, మనుషుల పేర్లు లేవు. పీడీఎఫ్ పేరులోని తేదీని వరుసలోని తేదీతో ఫార్ములాతో పోల్చితే 7 చోట్ల కలవలేదు. ఐదింటిలో సర్టిఫికెట్ జారీ అయిన తేదీని శిక్షణ తేదీగా రాశారు. గడువు శిక్షణ తేదీ నుంచే లెక్క. రెండింటిలో ఒకరి సర్టిఫికెట్ మరొకరి ఐడీతో సేవ్ అయింది. అలాంటివి పట్టుకోవడానికి ఫార్ములా చాలదు, ఫైల్ తెరిచి పేరు చదవాలి. అన్నీ తెరిచాం. మూడు రోజుల్లో ఎక్కువ సమయం దానికే పట్టింది, పట్టాలి కూడా.

రోజు 15: సరిచూడటం

అప్‌లోడ్ చేసినవాళ్లు కాకుండా వేరే ఇద్దరు చేశారు. రిజిస్టర్లలోంచి 50 వరుసలు తీసి సిస్టమ్‌లో వెతికారు, ఎక్కకుండా పోయినవి దీనివల్ల తెలుస్తాయి. తర్వాత సిస్టమ్‌లోంచి 50 రికార్డులు తీసి కాగితం చూపించమన్నారు, ఆధారం లేకుండా ఎక్కినవి దీనివల్ల తెలుస్తాయి. ఒకవైపే చేస్తే రెండో రకం తప్పు దొరకదు. మొదటి 50లో అన్నీ ఉన్నాయి. రెండో 50లో ఒకదానికి హాజరు పట్టీలో పేరుంది, సంతకం లేదు. ఆ రికార్డు తీసేసి 165ను 166 చేశాం. ఆ పట్టీలోని మిగతా పేర్లన్నీ మళ్లీ చూశాం, వాటికి సంతకాలున్నాయి.

సిస్టమ్ నుంచి మొత్తం ఎగుమతి చేసి మా ఫైళ్లతో ఐడీ వారీగా, కోర్సు వారీగా లెక్క పోల్చాం: మనుషులు 710, శిక్షణలు 2,019. డ్యాష్‌బోర్డులో శాతం కొన్ని విభాగాల్లో అనుకున్నదానికంటే తక్కువగా వచ్చింది. ఆ విభాగాల అధిపతులకు 166 వరుసల జాబితా పేర్లతో, కోర్సులతో, ఏ ఆధారం లేదో రాసి ఇచ్చాం. ఎత్తు మీద పని, విద్యుత్ పని, క్రేన్ సంబంధించినవి పైన పెట్టాం. వాళ్లకు శిక్షణ మళ్లీ జరిగేదాకా ఆ పనులు ఇవ్వొద్దని భద్రతా అధికారి అదే రోజు ఉత్తరం పంపారు.

రోజు 16: ఇక వారం వారం

ఈమెయిళ్లు మళ్లీ మొదలుపెట్టించే ముందు, ఎవరెవరికి ఏం వెళ్తుందో సిస్టమ్‌లో ముందుగా చూసుకున్నాం. అప్‌లోడ్ ఫైళ్లు, స్కాన్ కాపీలు ల్యాప్‌టాప్‌ల నుంచి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేశాం. ఒక్క కాపీ అనుమతి ఉన్న ఫోల్డర్‌లో ఉంది.

ఇకనుంచి ప్రతి శుక్రవారం మార్పుల ఫైల్ ఒకటి వెళ్తుంది: చేరినవాళ్లు, మానినవాళ్లు, మారినవాళ్లు. మానినవాళ్ల సంగతి మాత్రం శుక్రవారం దాకా ఆగదు, అదే రోజు వెళ్తుంది. మొదటి శుక్రవారం ఫైల్‌లో చేరికలు 4, విభాగం మార్పులు 2, సర్టిఫికెట్లు 6. సర్టిఫికెట్లలో ఒకదాని మీద తేదీ చెరిగిపోయి ఉంది. ఐదు ఎక్కించి, ఆరోదాన్ని శిక్షణ ఇచ్చినవాళ్ల దగ్గరికి తిరిగి పంపాం. ఆ గడి ఖాళీగా ఉంది.